జడల టోపీ: రూడ్ గులిట్ గురించి సార్ మాట్లాడింది

మొన్న ఆదివారం మా ఫుట్‌బాల్ బ్యాచ్ కూర్చున్నప్పుడు, నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ ప్లేయర్ రూడ్ గులిట్ గురించి మా రిటైర్డ్ పీఈటీ సార్ మాట్లాడింది ఇది. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం, రాలేకపోయినవాళ్ల కోసం. నీళ్లు నమిలిన చోట్లు తప్ప మిగతాదంతా అట్లాగే ఉంచాం.

అందరూ వచ్చినట్టేనా? వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి బాబూ, ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయపడకండి, నేను రిటైరయ్యి చాలా ఏళ్లయింది. పీఈటీ సార్ అంటే విజిల్ ఊదేవాడు గానీ మాట్లాడేవాడు కాదు కదా, ఇవాళ నాకు మైక్ ఇచ్చారు, ఎందుకిచ్చామా అని ఇంకో గంటకి మీరే బాధపడతారు.

ముందు ఒక తారీఖు చెప్తా. 1962 సెప్టెంబర్ 4. ఏం జరిగింది ఆ రోజు? ఎవరైనా? తెలీదు. సరే, తప్పు మీది కాదు, మేం చెప్పలేదు. ఆ రోజు జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫైనల్, ఇండియా దక్షిణ కొరియాని 2-1తో కొట్టి గోల్డ్ మెడల్ తెచ్చింది, కోచ్ ఎవరంటే మన హైదరాబాద్ రహీమ్ సాబ్, టీమ్‌లో మన సికింద్రాబాద్ పిల్లగాడు తులసీదాస్ బలరామ్. దానికి సరిగ్గా మూడు రోజుల ముందు, సెప్టెంబర్ 1న, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పిల్లాడు పుట్టాడు. ఇవాళ మాట్లాడేది ఆ పిల్లాడి గురించి. రెండిటికీ సంబంధం ఏంటి సార్ అంటే ఏమీ లేదు, ఆ జకార్తా కూడా ఒకప్పుడు డచ్ వాళ్ల చేతిలో ఉన్న ఊరే, అంతవరకే. నాకు తారీఖులు పక్కపక్కన పెట్టుకుని చూసే అలవాటుంది, మా ఇంట్లో దాన్ని జబ్బు అంటారు.

ఆ పిల్లాడి పేరు రూడీ డిల్. ఎవరు? అదేంటి, రూడ్ గులిట్ గురించి అని వాట్సాప్‌లో పెట్టారు కదా అంటారు. అతనే. డిల్ అమ్మ ఇంటిపేరు, రికార్డుల్లో అదే. అమ్మ రియా డిల్, ఆమ్‌స్టర్‌డామ్ తెల్లావిడ, అక్కడి పెద్ద మ్యూజియం రైక్స్‌మ్యూజియంలో చిన్న ఉద్యోగం. నాన్న జార్జ్ గులిట్, సూరినామ్ నుంచి వచ్చిన నల్లాయన, ఎకనామిక్స్ టీచర్. కుర్రాడు పెద్దయ్యి క్లబ్బుల్లో ఆడటం మొదలుపెట్టాక, డిల్ అంటే ఫుట్‌బాల్ ప్లేయర్ పేరులా లేదు, గులిట్ అంటే బాగుంది అనుకుని నాన్న ఇంటిపేరు పెట్టుకున్నాడు. కాంట్రాక్ట్ కాగితాల మీద మాత్రం డిల్ అనే సంతకం. చూశారా, గ్రౌండ్‌లో నాన్న పేరు, డబ్బుల దగ్గర అమ్మ పేరు. మనిళ్లలో కూడా డబ్బులు అమ్మ దగ్గరే ఉంటాయి కదా, నవ్వకండి.

ఇంకోటి, మనం గులిట్ గులిట్ అంటాం గానీ డచ్ వాళ్ల నోట్లో ఆ గ గొంతులోంచి ఖ లాగా గరగరమంటూ వస్తుంది. నేను ప్రయత్నించను, నాకు దగ్గు వస్తుంది.

నేను మొదటిసారి ఇతన్ని చూసింది 1990 వరల్డ్ కప్, దూరదర్శన్‌లో. మా బస్తీలో మూడో ఇంట్లో కలర్ టీవీ ఉండేది, చాపలేసుకుని కూర్చునేవాళ్లం, ఆ ఇంటి పెద్దమ్మ కూడా నిద్రపట్టక మాతోపాటే చూసేది. ఆరడుగుల మూడంగుళాల మనిషి, భుజాల మీదకి జడలు జడలుగా జుట్టు, ఆరెంజ్ జెర్సీ, అతను కెమెరాలో పడగానే పెద్దమ్మ అడిగింది, ఎవర్రా ఆ జటలాయన, సాములోరా అని. మేం పగలబడి నవ్వాం. కాసేపటికి ఐర్లాండ్ మీద గోల్ కొట్టాడు, అప్పుడు పెద్దమ్మ చప్పట్లు కొట్టి సాములోరు వేసిండు అంది. ఇక అప్పట్నుంచి మా బస్తీలో అతను సాములోరే.

ఆ సాములోరి జుట్టు గురించే ఇవాళ అసలు సంగతి. గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దాని దగ్గరికి.

ముందు సూరినామ్. ఎక్కడుంది? ఆఫ్రికా. ఇంకెవరైనా? అందరూ ఆఫ్రికానే అంటారు. కాదు, దక్షిణ అమెరికా ఖండంలో పైన, గయానా పక్కన చిన్న దేశం. డచ్ కాలనీ. చెరుకు తోటలు, ఆ తోటల్లో పనికి ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. 1863 జూలై 1న బానిసత్వం రద్దు చేశారు, కానీ అసలు కథ వినండి, రద్దు అయితే అయింది గానీ ఇంకో పదేళ్లు సర్కారు నిఘా కింద తోటల్లో పనిచేయాల్సిందే అన్నారు. మరి ఆ పదేళ్లు అయిపోతే కూలీలు ఎక్కడ్నుంచి రావాలి? మననుంచి. 1873లో కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే ఓడ వెళ్లింది. 1916 దాకా సుమారు 34 వేల మంది వెళ్లారు, ఎక్కువమంది బీహార్, యూపీ వైపువాళ్లు. మన తెలుగువాళ్లని ఎక్కించిన ఓడలు నాటాల్‌కి, ఫిజీకి, మారిషస్‌కి పోయాయి, సూరినామ్ వైపు కాదు. తర్వాత జావా నుంచి కూడా కూలీల్ని తెచ్చారు. అందుకే ఆ చిన్న దేశంలో ఆఫ్రికా, ఇండియా, జావా, చైనా మొహాలన్నీ కనిపిస్తాయి. 1975 నవంబర్ 25న స్వతంత్రం వచ్చింది, ఆ ముందూ వెనకా చాలామంది నెదర్లాండ్స్ పాస్‌పోర్ట్‌తో ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్ చేరారు.

గులిట్ వాళ్ల నాన్న అంతకంటే చాలా ముందే వచ్చాడు. ఆయనతో పాటు వచ్చిన ఇంకొకాయన పేరు హెర్మన్ రైకార్డ్. ఆయన కొడుకు ఫ్రాంక్ రైకార్డ్. ఇతను సెప్టెంబర్ 1న పుడితే అతను అదే నెల 30న, అదే ఊళ్లో. ఇద్దరికీ నాన్నలు సూరినామ్, అమ్మలు డచ్. సినిమాలో పెడితే నమ్మరు.

గులిట్ పుట్టింది యోర్డాన్ అనే పేటలో, ఇప్పుడది బాగా ఖరీదైన ఏరియా అనుకోండి, అప్పుడు పనీపాటల జనం ఉండే ఇరుకు సందులు. చిన్న బిల్డింగ్‌లో పై అంతస్తు, ఒక్క గదిలో కాపురం. పదేళ్లప్పుడు ఊరి పడమర వైపు పాత కాలనీకి మారారు, అక్కడ వీధిలో ఆడుతుంటే రైకార్డ్ దొరికాడు. గడ్డి లేదు, బండలు. బండల మీద ఆడితే ఏమవుతుంది? పడకుండా ఆడటం వస్తుంది. మీరు చెప్పులు గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడతారు చూడండి, అదే.

మీర్‌బాయ్స్ అనే చిన్న క్లబ్బు, తర్వాత డీడబ్ల్యూఎస్, తర్వాత 1978లో హార్లెమ్. హార్లెమ్ కోచ్ బ్యారీ హ్యూస్, వేల్స్ మనిషి, ఆయన పట్టుకున్నాడు ఇతన్ని. 1979లో, 16 ఏళ్లకి ఫస్ట్ టీమ్‌లో దించాడు. మొదటి సీజన్‌లో హార్లెమ్ కింది డివిజన్‌కి జారిపోయింది, మరుసటేడు అక్కడ టైటిల్ కొట్టి పైకొచ్చింది, ఆ తర్వాతేడు నాలుగో ప్లేస్, యూరప్ టోర్నీకి క్వాలిఫై. ఆ క్లబ్బుకి అదొక్కసారే అట్లాంటి అదృష్టం, 2010లో దివాలా తీసి మూతపడింది పాపం. ఆ రోజుల్లోనే లండన్ క్లబ్ ఆర్సెనల్ వాళ్లకి చూపించారు ఇతన్ని, 30 వేల పౌండ్లు అన్నారు. వాళ్ల మేనేజర్ టెరీ నీల్, ఈ అడ్డూఅదుపూ లేని కుర్రాడికి అంత పెట్టను అన్నాడంట. తర్వాత ఇదే మనిషి ఎంతకి అమ్ముడుపోయాడో చెప్తా, అప్పుడు నీల్ గారిని తల్చుకోండి.

నేషనల్ టీమ్‌కి మొదటి మ్యాచ్ 1981 సెప్టెంబర్ 1, స్విట్జర్లాండ్ మీద. ఆ రోజు అతనికి 19 నిండాయి. పుట్టినరోజు గిఫ్ట్. మ్యాచ్ ఓడిపోయారు, అది వేరే విషయం.

1982లో ఫేయెనూర్డ్, రోటర్‌డామ్ క్లబ్. ఇక్కడ రెండు సంగతులు. ఒకటి బాగుంటుంది, ఒకటి బాగుండదు. బాగున్నది ముందు చెప్తా. 1983లో ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్ అజాక్స్ వాళ్లు, డచ్ ఫుట్‌బాల్‌లో చాలా పెద్ద ప్లేయర్ యోహాన్ క్రయిఫ్‌ని ముసలోడివయ్యావు పో అన్నట్టు కాంట్రాక్ట్ ఇవ్వలేదు, ఆయనకి ఒళ్లు మండి నేరుగా వాళ్ల బద్ధశత్రువు ఫేయెనూర్డ్‌లో చేరాడు, 36 ఏళ్ల వయసులో. ఒక్క సీజన్ ఆడాడు, లీగూ గెలిపించాడు, కప్పూ గెలిపించాడు, ఇంక చాలు అని రిటైరయ్యాడు. పగ తీర్చుకుంటే అట్లా తీర్చుకోవాలి. ఆ సీజనంతా 21 ఏళ్ల గులిట్ ఆయన పక్కన ఆడాడు. కోచింగ్ క్యాంపులకి వేలకి వేలు కడుతున్నారు మీ అమ్మానాన్నలు, క్రయిఫ్ పక్కన ఒక సీజన్ అంటే లెక్కేసుకోండి.

ఇంకోటి. అదే సీజన్‌లో యుయెఫా కప్, అంటే యూరప్ క్లబ్బుల టోర్నీ, మ్యాచ్‌కి స్కాట్లాండ్ వెళ్లారు, సెయింట్ మిరెన్ అనే టీమ్ మీద. అక్కడి జనంలో కొందరు ఇతని రంగు మీద బూతులు తిట్టారు, ఉమ్మేశారు. తన జీవితంలో అంత బాధపడిన రాత్రి లేదని ఆ తర్వాత చెప్పుకున్నాడు. సరే, అది పరాయి ఊరు, ఎదుటి టీమ్ జనం అనుకుందాం. సొంత టీమ్‌లో? కోచ్ తైస్ లిబ్రెక్స్ ఇతన్ని రంగు పేరుతో పిలిచాడని, బద్ధకస్తుడని అన్నాడని ఆరోపణ వచ్చింది. ఆయనేమన్నాడు? అది ముద్దుపేరు అన్నాడు. ముద్దుపేరు! మన స్కూళ్లలో కూడా ఉంటాయి ఈ ముద్దుపేర్లు, కర్రోడా, కాకీ అని, పిలిచేవాడికే ముద్దు. నేను కూడా పిలిచాను, ఎందుకు దాచాలి, ఇరవై ఏళ్ల కింద నా స్టూడెంట్‌ని పిలిచాను, ఇప్పుడతను రైల్వేలో ఉన్నాడు, కనబడితే నమస్తే సార్ అంటాడు, నాకు తలెత్తబుద్ధి కాదు.

ఈ లిబ్రెక్స్ కథ ఇంకా ఉంది. ఇదే ఆయన 1988 తర్వాత నేషనల్ టీమ్ కోచ్ అయ్యాడు, కెప్టెన్ ఎవరు, గులిట్. ఎట్లా పొసుగుద్ది? పొసగలేదు. 1990 వరల్డ్ కప్ ఇంకో మూణ్ణెల్లు ఉందనగా ప్లేయర్లు తిరగబడ్డారు, ఆయన్ని తీసేశారు. ప్లేయర్లు ఓటేసుకుని మాకు క్రయిఫ్ కావాలన్నారు, ఫుట్‌బాల్ సంఘం పెద్దలు బేన్‌హాకర్ అనే ఇంకో కోచ్‌ని పెట్టారు. ఆ గొడవల్లోనే వరల్డ్ కప్‌కి వెళ్లారు, మా పెద్దమ్మ చూసింది ఆ టీమ్‌నే. గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లూ డ్రా, ఐర్లాండ్‌తో పాయింట్లు సమానం, గోల్సు సమానం, చివరికి చీటీ తీశారు. చీటీలో ఓడి జర్మనీ మీద పడ్డారు, ఇంటికొచ్చారు. ఇటలీలోని మిలాన్‌లో ఆ మ్యాచ్, అప్పటికి గులిట్ ఆడుతున్న క్లబ్ సొంత గ్రౌండ్‌లోనే.

కొంచెం ముందుకెళ్లిపోయాను. 1985కి రండి. పీఎస్‌వీ ఐండోవెన్‌కి వెళ్లాడు, రెండేళ్లు, రెండు టైటిళ్లు, 68 లీగ్ మ్యాచుల్లో 46 గోల్స్. 46! అతను స్ట్రైకర్ కూడా కాదు సరిగ్గా. ఇక్కడ పొజిషన్ గురించి చెప్పాలి. హార్లెమ్‌లో ఎక్కడ ఆడాడు? డిఫెన్స్ వెనకాల స్వీపర్, అవసరమైతే ముందు. ఫేయెనూర్డ్‌లో రైట్ వైపు, మిడ్‌ఫీల్డ్. పీఎస్‌వీలో స్వీపర్‌గా మొదలుపెట్టి అక్కడ్నుంచి బాల్ తీసుకుని అవతలి గోల్ దాకా పరిగెత్తేవాడు. మిలాన్‌లో ఫార్వర్డ్. ఏం రా, నీకు ఏ పొజిషన్ అంటే స్ట్రైకర్ సార్ అంటావు, స్ట్రైకర్ తప్ప వేరే చోట పెడితే మొహం మాడ్చుకుంటావు, విను.

ఇప్పుడు 1987. ఇటలీ టీవీ కంపెనీల ఓనర్ బెర్లుస్కోని అంతకుముందేడే మిలాన్ క్లబ్‌ని కొన్నాడు, డబ్బు సంచులతో తిరుగుతున్నాడు. గులిట్‌కి 60 లక్షల పౌండ్లు ఇచ్చాడు. ప్రపంచ రికార్డ్. అంతకుముందు రికార్డ్ మారడోనాది, 50 లక్షలు. 30 వేల దగ్గర బేరమాడిన నీల్ గారు ఆ రోజు పేపర్ చదివారో లేదో.

మొదటి సీజన్‌లోనే మిలాన్‌కి లీగ్ వచ్చింది, తొమ్మిదేళ్ల తర్వాత. మారడోనా నాపోలీని వాళ్ల ఊళ్లోనే 3-2తో కొట్టి వచ్చారు 1988 మే 1న. స్టేడియంలో మిలాన్ జనం ఏం చేసేవాళ్లంటే, ఇదిగో జుట్టు దగ్గరికొచ్చాం, ఎరుపు నలుపు టోపీలకి నల్ల ఉన్ని జడలు కుట్టించుకుని నెత్తిన పెట్టుకునేవాళ్లు. గులిట్ టోపీలు. వేలమంది ఇటాలియన్లు, జడల టోపీలు. 1988 జూన్‌లో యూరో కప్పు జర్మనీలో, అక్కడ డచ్ జనం ఆరెంజ్ టోపీలకి జడలు. ఫోటోలు చూడండి, స్టాండ్స్‌లో తెల్లవాళ్లు, పిల్లలు, ముసలాళ్లు అందరికీ గులిట్ జుట్టే.

ఇప్పుడు నేనడిగేది ఇది. మ్యాచ్ అయిపోయాక ఆ టోపీ ఏమైంది? తీసి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లారు. గులిట్? అతను తీయలేడు కదా. స్కాట్లాండ్‌లో ఉమ్మించుకున్నది ఆ తలతోనే, మిలాన్‌లో జేజేలు అందుకున్నది ఆ తలతోనే. గెలిచినంతసేపు ఆ తల మాది అని అందరూ పెట్టుకుంటారు. అతనికి అది బాగా తెలుసు అని నాకనిపిస్తుంది, ఎందుకు అనిపిస్తుందంటే ఆ 1987 డిసెంబర్ పని వల్ల.

1987 బాలన్ డోర్ అతనికొచ్చింది. యూరప్‌లో బెస్ట్ ప్లేయర్. ఎవరైనా ఏం చేస్తారు? అమ్మకి, నాన్నకి, కోచ్‌కి థాంక్స్ చెప్తారు. ఇతను దాన్ని నెల్సన్ మండేలాకి అంకితం అన్నాడు. ఇప్పుడు మండేలా పేరు ఎవరైనా చెప్తారు, ఆయన బొమ్మ టీషర్టుల మీద ఉంది. 1987లో ఆయన జైల్లో ఉన్నాడు, ఇరవై ఏళ్లు దాటిపోయింది లోపలికెళ్లి, బయటికొస్తాడో రాడో తెలీదు, ఆయన్ని టెర్రరిస్ట్ అనే పెద్దమనుషులు యూరప్‌లో బోలెడంతమంది. ఇటలీ విలేకరుల్లో కొందరికి మండేలా ఎవరో కూడా తెలీదని గులిట్ ఎన్నోసార్లు చెప్పాడు. ఒక రెగే బ్యాండ్‌తో కలిసి దక్షిణాఫ్రికా మీద పాట కూడా పాడాడు, అదీ నెదర్లాండ్స్‌లో బాగా ఆడింది.

ఇందులో నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఏంటంటే, ఆ అపార్థైడ్ అనే మాట ఉంది చూడండి, దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లని వేరుపెట్టి అణచిన పద్ధతి, అది ఆఫ్రికాన్స్ అనే అక్కడి భాష మాట. ఆఫ్రికాన్స్ ఎక్కడ్నుంచి వచ్చింది? డచ్ నుంచి. డచ్ వాళ్ల ఓడలే అక్కడికీ వెళ్లాయి, సూరినామ్‌కీ వెళ్లాయి. ఆ డచ్ టీమ్‌కి అప్పుడు కెప్టెన్ ఎవరు, తోటల్లో బానిసలుగా తెచ్చినవాళ్ల వారసుడు, అమ్మ వైపు ఆమ్‌స్టర్‌డామ్ రక్తం. ఇతను మాట్లాడితే దానికి ఇంకో బరువు ఉంటుందా ఉండదా? మీరే చెప్పండి. మండేలా విడుదలయ్యాక ఇద్దరూ కలిశారు. నాకిప్పుడు బోలెడంతమంది స్నేహితులు, లోపలున్నప్పుడు కొద్దిమందే, వాళ్లలో నువ్వొకడివి అన్న అర్థంలో ఆయన అన్నాడని గులిట్ చెప్తుంటాడు. నాకైతే అది విన్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. నీళ్లివ్వు బాబూ.

యూరో 1988. కోచ్ రీనస్ మిఖెల్స్. మొదటి మ్యాచ్ సోవియట్ యూనియన్ చేతిలో ఓడారు. తర్వాత ఇంగ్లాండ్ మీద స్ట్రైకర్ వాన్ బాస్టెన్ హ్యాట్రిక్, ఐర్లాండ్ మీద చివర్లో కీఫ్ట్ తలకి తగిలి ఎట్లాగో పోయిన గోల్, సెమీస్‌లో జర్మనీని వాళ్ల దేశంలోనే 2-1. 1974 వరల్డ్ కప్ ఫైనల్లో జర్మనీ చేతిలో ఓడిన పుండు ఉంది కదా డచ్ వాళ్లకి, అది ఆ రాత్రి మానింది. ఫైనల్ జూన్ 25, మ్యూనిక్, మళ్లీ అదే సోవియట్లు. 2-0. మొదటి గోల్ కెప్టెన్ గులిట్ హెడర్. రెండోది వాన్ బాస్టెన్ వాలీ, అది మీ అందరూ రీల్స్‌లో చూసిందే. ఆ గోల్ ఎంత గొప్పదంటే మొదటి గోల్‌ని అందరూ మర్చిపోయారు. ఆ రోజు పదకొండుమందిలో గులిట్, రైకార్డ్, వానెన్‌బర్గ్ ముగ్గురికీ సూరినామ్ మూలాలు, స్క్వాడ్‌లో ఉన్న ఆరన్ వింటర్ అయితే సూరినామ్ రాజధాని పారామారిబోలోనే పుట్టాడు. ఈ రోజు వరకూ డచ్ మగాళ్ల టీమ్ గెలిచిన పెద్ద కప్పు అదొక్కటే.

సంవత్సరం తర్వాత. 1989 ఏప్రిల్, యూరోపియన్ కప్ సెమీస్, రియల్ మాడ్రిడ్‌ని మిలాన్ 5-0 కొట్టింది, గులిట్ ఒకటి కొట్టాడు, మోకాలు పోయింది. ఆపరేషన్. మే 24న బార్సిలోనాలో ఫైనల్, రొమేనియా టీమ్ స్టియావా బుకారెస్ట్ మీద. నెల రోజుల్లో లేచొచ్చి రెండు గోల్స్, వాన్ బాస్టెన్ రెండు, 4-0. ఆ మోకాలి బాకీ తర్వాత తీర్చాల్సొచ్చింది, తర్వాతి సీజన్ లీగ్‌లో దాదాపు ఆడనే లేదు, ఆఖర్లో వచ్చి బెన్‌ఫికా మీద ఫైనల్ మాత్రం ఆడాడు, అదీ గెలిచారు, గోల్ రైకార్డ్‌ది.

1989 మే 24 అన్నాను కదా. రెండు వారాల తర్వాత, జూన్ 7. ఇది చాలామందికి తెలీదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సన్నీ హస్నో అని ఒక సోషల్ వర్కర్ ఉండేవాడు, సూరినామ్ పిల్లలు చెడు దారి పట్టకుండా ఫుట్‌బాల్ ఆడించేవాడు. సూరినామ్ మూలాలున్న ప్రొఫెషనల్స్ అందరినీ కలిపి ఒక టీమ్ చేశాడు, రంగుల పదకొండు అని పేరు. సెలవుల్లో పారామారిబో వెళ్లి అక్కడ జనం ముందు ఆడదాం అన్నాడు. గులిట్‌నీ, రైకార్డ్‌నీ పిలిచారు. వాళ్లకి క్లబ్‌ల పర్మిషన్ రాలేదు. మిగతావాళ్లు ఎక్కారు. విమానం పొగమంచులో పారామారిబో దగ్గర దిగబోతూ కూలిపోయింది. 187 మందిలో 176 మంది చనిపోయారు. ఆ టీమ్‌లో ప్రాణాలతో బయటపడింది ముగ్గురే. జెరీ హాట్రెక్ట్ అనే అబ్బాయి ఉన్నాడు, అతను తన అన్నదమ్ముడు విన్నీ సీట్లో వెళ్లాడు, ఆ విన్నీకి క్లబ్‌లో ముఖ్యమైన మ్యాచ్‌లు ఉన్నాయని.

దీని గురించి ఎక్కువ మాట్లాడను. పర్మిషన్ ఇవ్వని క్లబ్బుని ఆ రోజు తిట్టుకునే ఉంటారు వీళ్లు.

మిలాన్ మిగతా కథ గబగబా చెప్పేస్తా. 1992లో, 1993లో మళ్లీ లీగ్, 1992ది ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా. కానీ అప్పట్లో మ్యాచ్‌కి ముగ్గురు విదేశీయులే అని రూల్, మిలాన్ దగ్గర ఆరుగురు. కపెల్లో కోచ్. 1993 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి గులిట్‌ని పక్కన పెట్టాడు, మిలాన్ మార్సెయ్ చేతిలో ఓడింది. ఇక ఇతను ఇటలీలోనే ఇంకో క్లబ్ సంప్దోరియాకి వెళ్లిపోయాడు. ఆ అక్టోబర్‌లో మిలాన్ వాళ్ల గ్రౌండ్‌కొచ్చింది, 2-0 ముందుంది, సంప్దోరియా 3-2తో గెలిచింది, ఆఖరి గోల్ ఎవరిది? ఆ, చెప్పక్కర్లేదు. పగ పాఠం క్రయిఫ్ దగ్గర నేర్చుకున్నాడు అంటాను నేను.

నేషనల్ టీమ్ దగ్గర మాత్రం అంత అందంగా ముగియలేదు. కోచ్ అడ్వొకాట్ ఇతన్ని కుడి అంచున ఆడమన్నాడు, ఇతనికి మధ్యలో కావాలి. 1993లో వెంబ్లీలో మధ్యలో తీసేస్తే అలిగాడు. మళ్లీ వచ్చాడు. 1994 వరల్డ్ కప్ క్యాంప్ నడుస్తుండగా పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు, కారణం కూడా ఆ రోజు సరిగ్గా చెప్పలేదు. 66 మ్యాచ్‌లు, 17 గోల్స్, అక్కడితో అయిపోయింది. నేను అభిమానినే గానీ ఇది నాకు నచ్చలేదు. టీమ్ బస్సు కదిలే ముందు కెప్టెన్‌గా చేసినవాడు దిగిపోవడం ఏంటి? రంగు మీద మాట పడితే తిరగబడ్డాడు, శభాష్. పొజిషన్ దగ్గర అలిగి వెళ్లిపోయాడు, దానికి శభాష్ అనను. రెండూ ఒకటి కాదు. అతన్ని మెచ్చుకునేవాళ్లు రెండూ కలిపేస్తారు, తిట్టేవాళ్లూ రెండూ కలిపేస్తారు.

1995లో లండన్ క్లబ్ చెల్సీ. 32 ఏళ్లు. కోచ్ గ్లెన్ హోడిల్, మళ్లీ స్వీపర్‌గా పెట్టాడు. అక్కడ జరిగిన తమాషా ఇతనే చెప్పాడు. కష్టమైన బాల్‌ని డిఫెన్స్‌లో ఆపి, కంట్రోల్ చేసి, చక్కగా పక్కన డిఫెండర్‌కి ఇస్తాడు. ఆ డిఫెండర్‌కి ఆ పాస్ వద్దు! పెనాల్టీ బాక్స్ పక్కన బాల్ ఇస్తే గుండె ఆగిపోతుంది ఆయనకి, అప్పటి ఇంగ్లీష్ డిఫెండర్ అంటే బాల్ వచ్చిందా, ఎత్తి స్టాండ్స్‌లోకి తన్నాలి. చివరికి హోడిల్, రూడ్, ఈ పనులు నువ్వు మిడ్‌ఫీల్డ్‌లో చేస్తే మంచిది అన్నాడంట. ఇప్పుడు చూడండి, గోల్‌కీపర్ కూడా చిన్న పాస్ ఇవ్వకపోతే కోచ్ తిడుతున్నాడు.

1996లో హోడిల్ ఇంగ్లాండ్ కోచ్‌గా వెళ్తే ఇతన్నే ఆటగాడు ప్లస్ మేనేజర్ చేశారు. జోలా, వియల్లి, డి మాటియో, లెబఫ్ వచ్చారు. 1997లో ఇంగ్లాండ్ క్లబ్బుల పెద్ద నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ ఫైనల్, మిడిల్స్‌బ్రో మీద 2-0, మొదటి నిమిషంలోనే డి మాటియో గోల్. చెల్సీకి 26 ఏళ్ల తర్వాత పెద్ద కప్పు. ఇంగ్లాండ్‌లో పెద్ద కప్పు గెలిచిన మొదటి నల్లజాతి మేనేజర్ అతను. ఎఫ్ఏ కప్పు గెలిచిన మొదటి విదేశీ మేనేజర్ కూడా. తర్వాతి ఫిబ్రవరిలో, టీమ్ లీగ్‌లో రెండో ప్లేస్‌లో ఉండగా తీసేశారు. జీతం దగ్గర కుదరలేదని వాళ్లు, అట్లా కాదని ఇతను.

ఆ తర్వాత కోచింగ్ ఏమంత గొప్పగా లేదు. న్యూకాజిల్‌లో 1999 ఆగస్టు, పక్క ఊరి టీమ్ సండర్‌లాండ్‌తో డెర్బీ, కుండపోత వాన, ఆ ఊరి దేవుడు అలన్ షియరర్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టాడు, 2-1తో ఓడాడు, మూడు రోజుల్లో రాజీనామా. ఊరి దేవుణ్ణి గుళ్లోంచి తీసి బయట కూర్చోబెడితే వాన రాదా మరి. ఫేయెనూర్డ్‌లో ఒక సీజన్, అమెరికాలో గెలాక్సీ, అక్కడా నిలవలేదు. 2011లో గ్రోజ్నీ వెళ్లాడు, తెరెక్ అనే క్లబ్, రష్యాలోని చెచెన్యా పాలకుడు, జనాన్ని హింసిస్తాడని ఆరోపణలున్న కదిరోవ్ చెప్పుచేతల్లో ఉన్న క్లబ్బు. ఆర్నెల్లలోపే పంపించేశారు. మండేలాకి ప్రైజ్ అంకితం ఇచ్చిన మనిషి కదిరోవ్ దగ్గర ఉద్యోగానికి ఎందుకెళ్లాడు? నేనేం సమాధానం చెప్పను దీనికి. కొందరు మిత్రులు ఇది చెప్పొద్దు సార్, పిల్లల ముందు అన్నారు. పిల్లలకే చెప్పాలి. నేను సాములోరి ఫోటో గోడకి పెట్టుకున్నవాణ్ణే, అయినా చెప్తున్నా.

సరే, టీ వచ్చేసినట్టుంది. ఒక్క ఐదు నిమిషాలు. బాబూ ఆ ప్రొజెక్టర్ ఆన్ చెయ్, కిటికీ దగ్గర అమ్మా, ఆ కర్టెన్ లాగండి. మ్యూనిక్ ఫైనల్ పెడుతున్నా. వాన్ బాస్టెన్ గోల్ కాదు, అది ఇంటికెళ్లి చూసుకోండి. మొదటి గోల్. ఎర్విన్ కోమన్ నుంచి బాల్ గాల్లోకి వస్తుంది, వాన్ బాస్టెన్ తలతో మధ్యలోకి ఇస్తాడు, ఎదురుగా దసాయెవ్, అప్పట్లో ప్రపంచంలోనే మంచి గోల్‌కీపర్లలో ఒకడు. మీరు బాల్‌ని చూడకండి. గులిట్ ఎక్కడ నిలబడి ఉన్నాడు, ఎప్పుడు కదిలాడు, అది చూడండి. రెండుసార్లు వేస్తా. రెండోసారి స్లోగా.